ఎండకు పడని బిళ్ల

జ్వరం దిగిన మర్నాడే హన్నా కొడవలి అందుకుంది. ఇంకో రెండు రోజులు పడుకోమని అత్త కృపావతి పోరుతూనే ఉంది గానీ, ఊరంతా కోతల్లో ఉన్నప్పుడు మంచం పట్టుకుని ఉండటం హన్నాకి చేతకాని పని. తుఫాను గాలికి దివిసీమలో వరి చాలావరకు నేలకొరిగింది. పడిపోయిన చేలో కోత మిషను దిగదు. బురద ఆరీ ఆరకముందే మనుషులే వంగి, తడిసి అట్టలు కట్టిన దుబ్బుల్ని ఎడం చేత్తో పైకెత్తి పట్టుకుని కోయాలి. పైగా వరి కింద అప్పటికే మినుము చల్లి ఉంది. కోత ఆలస్యమైతే ఆ పడిపోయిన గడ్డి కింద మొలకలు వెలుతురు లేక పాలిపోతాయి. అందుకని రైతులు పొద్దు పొడవకముందే పేటల్లోకి మోటారు సైకిళ్ళ మీద వచ్చి ఆడకూలీల ముఠాలను బతిమాలుకుంటున్నారు.

హన్నాకి వచ్చింది మామూలు జ్వరం కాదు. తల రెండు చెక్కలవుతున్నట్టు నొప్పి, దుప్పటి మీద దుప్పటి కప్పినా ఆగని వణుకు. ఊరి హెల్త్ సెంటర్లో నర్సు గాయత్రి ఒళ్ళంతా వెతికి, నడుం మీద లంగా బొందు కట్టుకునే చోట సిగరెట్టుతో చురక పెట్టినట్టున్న నల్లటి పెచ్చు చూసి, వెంటనే అవనిగడ్డ పంపింది. గడ్డిలో ఉండే కంటికానని పురుగు కుట్టి వచ్చే జ్వరమని, స్క్రబ్ టైఫస్ అంటారని అక్కడ చెప్పారు. డాక్సీసైక్లిన్ బిళ్లలు రాశారు. బిళ్లలిచ్చినావిడ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, అన్నం తిన్నాకే వేసుకోవాలనీ, తగ్గింది గదా అని మధ్యలో ఆపకూడదనీ, ఎండలో తిరగొద్దనీ ఓపిగ్గానే చెప్పింది. హన్నా అన్నీ జాగ్రత్తగా విన్నది. చివరి మాట మాత్రం, జ్వరమొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేదే గదా అనుకుంది.

బిళ్ల గుణం చూపించింది. ఒళ్ళు చల్లబడింది, నోటికి అన్నం రుచి తెలిసింది. ఇంక ఇంట్లో ఏం పని?

చేలోకి దిగేటప్పుడు ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా తొడుక్కుంటారు, వరి ఆకు కోసుకోకుండా. జ్వరంలో చలికి హన్నా ఆ చొక్కాతోనే పడుకుంది. చెమట కంపు కొడుతుంటే ఉతికి దండెం మీద వేసింది గానీ, మంచుకి అది తెల్లవారేసరికి ఇంకా తడిగానే ఉంది. ఒక్కరోజుకేముందిలే అని జాకెట్టుతోనే బయల్దేరింది.

ముఠా మేస్త్రి పార్వతి గట్టు మీద నిలబడి మనుషుల్ని వరసల్లో దించుతోంది. యాభై దాటిన మనిషి, గొంతు బోదెకి ఆవలి ఒడ్డుకు కూడా వినపడుతుంది. హన్నాని చూసి దగ్గరకొచ్చి, గడ్డం పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పి చూసింది. కళ్ళింకా గుంటల్లోనే ఉన్నాయని కసిరింది. కసిరి, తన పక్క వరసే ఇచ్చింది. కోత సాగినకొద్దీ హన్నా వెనకబడుతుంటే, పార్వతి తన వరసతో పాటు పక్క వరసలోంచి కూడా రెండేసి దుబ్బులు లాక్కుని కోస్తూ, ఇద్దరూ కోసిన వరి పనలు సమంగా కనపడేటట్టు పరుస్తూ పోయింది. పార్వతి ఎవరికైనా సాయం చేస్తే అట్లాగే, నోటితో తిడుతూ చేత్తో చేస్తుంది.

పొద్దెక్కాక హన్నాకి మోచేతుల కింద చీమలు పాకుతున్నట్టు అనిపించింది. వరి నూగు అనుకుని చీర కొంగుతో తుడుచుకుంది. మధ్యాహ్నానికి అది చురచురగా మారింది. అన్నాలప్పుడు గట్టు మీద గడ్డిలో అందరూ చతికిలబడి క్యారేజీలు విప్పారు. హన్నా తెచ్చిన గోంగూర పచ్చడి అందరి ముద్దల్లోకీ వెళ్ళింది, నీళ్ళ టిన్ను మీది స్టీలు గ్లాసు చేతులు మారుతూ ఆమె దాకా వచ్చింది. సాయంత్రం ఇంటికొచ్చి స్నానానికి నీళ్ళు పోసుకుంటే చేతుల మీద కారం చల్లినట్టు మండింది. ఎర్రగా కందిపోయి ఉన్నాయి. జ్వరం తాలూకు వేడి బయటికి పోతోందేమోలే అంది కృపావతి, కొబ్బరినూనె రాస్తూ.

మర్నాడు లేచేసరికి ముంజేతుల మీద నీటి పొక్కులు. ముక్కు, చెంపలు, నుదురు వాచి ఎర్రగా మెరుస్తున్నాయి. పాదాల మీద చెప్పు పట్టీ ఉన్నచోట తప్ప మిగతాదంతా కాలినట్టుంది. ఆరిన చొక్కా తొడుక్కుంటే గుడ్డ రాపిడికి ప్రాణం పోయినంత పనైంది. చొక్కా చేతులు పైకి మడుచుకుని, అట్లాగే పనికి వెళ్ళింది.

చేలో ఎవరూ ఏమీ అనలేదు. అదే ఆమెకు మొదట తెలిసొచ్చింది. నిన్న రెండో పక్క వరసలో కోసిన మనిషి ఇవాళ ఒక వరస వదిలేసి అవతలి దాంట్లో దిగింది. వంగి కోస్తున్నంతసేపూ హన్నాకి వెనక గుసగుసలు వినపడుతూనే ఉన్నాయి. అమ్మవారు పోసిందేమో అని ఒకరు, కాదు పెద్దరోగం మొదట్లో ఇట్టాగే ఉంటదని ఇంకొకరు. జ్వరమొచ్చింది గదా, అదే ఒంటిమీదికి తేలిందన్నారు మరెవరో. ఆమె కోసిన పనను ఎత్తాల్సిన మనిషి కొడవలి మొనతో దాన్ని కాస్త కదిలించి చూసి, వదిలేసి ముందుకు పోయింది.

అన్నాల వేళ హన్నా వచ్చి కూర్చోగానే ఆ పక్కనున్న క్యారేజీలు ఒకదాని తర్వాత ఒకటి జరిగాయి. ఎవరూ మొహం చిట్లించలేదు, ఎవరూ ఛీ అనలేదు. ఎండ ఇటు పడుతోందని ఒకరు లేచారు, చీమలున్నాయని మరొకరు లేచారు. హన్నా పచ్చడి గిన్నె మూత తీసి ముందు పెట్టింది. ఎవరి చెయ్యీ రాలేదు. కాసేపాగి తనే మూత పెట్టేసింది.

నీళ్ళ కోసం టిన్ను వైపు వెళ్ళేసరికి పార్వతి ముందుగా లేచి గ్లాసు తను ముంచింది. ముంచి, చేతికివ్వలేదు.

"దోసిలి పట్టవే," అంది.

హన్నా ఆమె మొహంలోకి చూసింది. పార్వతి కళ్ళు గ్లాసు మీదే ఉన్నాయి. హన్నా వంగి దోసిలి పట్టింది. పైనుంచి పడిన నీళ్ళు సగం నోట్లోకి, సగం పొక్కుల మీదుగా మోచేతుల దాకా కారిపోయాయి. చల్లటి నీళ్ళే, అయినా మండింది.

అప్పుడు పార్వతి ఆమెను కొంచెం పక్కకు పిలిచి, గొంతు తగ్గించి మాట్లాడింది. ఇంత తగ్గించి మాట్లాడటం కూడా ఆమెకు వచ్చని హన్నాకి ఆ రోజే తెలిసింది. నలుగురూ కలిసి తినే చోటనీ, అందరిళ్ళలో పిల్లలున్నారనీ, తనకేం లేదు గానీ ముఠా అన్నాక అందరి మాటా వినాలనీ అంది. "తగ్గినాక నేనే పిలుస్తా. అప్పటిదాకా ఇంటి పట్టున ఉండు," అని ముగించింది.

హన్నా కొడవలికి గడ్డి చుట్టి సంచిలో పెట్టుకుంది. ఎర్రటి ఎండలో గట్లమ్మట ఒక్కతే నడిచి ఇంటికొచ్చింది.

కృపావతి వాకిట్లో మునగాకు దూస్తోంది. కోడలు వేళకాని వేళ రావడం చూసి ఏమైందని అడిగింది. హన్నా అన్నీ చెప్పలేదు. నీళ్ళ సంగతి మాత్రం, ఎందుకో, దాచుకోలేక చెప్పింది. ముసలామె ఆకు దూయడం ఆపి, ఈనె పక్కన పడేసింది.

"మా అమ్మకి అట్టా పోసేవాళ్ళు," అంది. లోపలికెళ్ళి కుండలోంచి చెంబు నిండా నీళ్ళు ముంచి తెచ్చి కోడలి చేతిలో పెట్టింది.

చెరువు కాపలా నుంచి మొగుడు దైవాధీనం వచ్చి చూసి, ఇదంతా ఆ బిళ్లల వల్లే అయ్యుంటుందన్నాడు. జ్వరం ఎటూ తగ్గింది గదా, ఇంకా మింగడం దేనికన్నాడు. హన్నాకీ అదే అనిపించింది. ఆ రాత్రి బిళ్ల వేసుకోలేదు. తెల్లవారుతూనే మొహానికి కొంగు కప్పుకుని హెల్త్ సెంటరుకి నడిచింది.

గాయత్రి ఇంకా తలుపులు తీస్తోంది. పెడన వైపు అద్దకాలు వేసే ఇంటి పిల్ల, ఈ ఊరికొచ్చి ఏడాది కాలేదు. హన్నాని వెలుతురులో కూర్చోబెట్టి, చొక్కా చెయ్యి పైకి జరిపి, చాలాసేపు చూసింది. తర్వాత జాకెట్టు చెయ్యి అంచును వేలితో ఎత్తింది. అంచుకి ఇవతల కాలిన చర్మం, అవతల ఎప్పటి చర్మం. మధ్యలో గీత గీసినట్టు హద్దు. మట్టిగాజులు జరిపితే వాటి కింద కూడా రంగు మారలేదు.

"హన్నక్కా, ఎండ తగిలిన చోటే గదా వచ్చింది? రోగమైతే జాకెట్టు అంచు చూసుకుని ఆగదు," అంది గాయత్రి.

ఈ బిళ్ల ఒంట్లో ఉన్నన్నాళ్ళూ కొందరి చర్మం ఎండను తట్టుకోలేదని, రోజూ పడే ఎండే నిప్పులా కాలుస్తుందని నెమ్మదిగా విడమరిచి చెప్పింది. అంటుకునేది కాదు. జ్వరం కూడా ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదు, పురుగు కుడితేనే వస్తుంది. పూతకి ఒక ట్యూబు ఇచ్చి, డాక్టరుకి ఫోన్ చేసి అడిగింది. మిగిలిన బిళ్లలు పూర్తి చేయాల్సిందేనని, ఎండలోకి మాత్రం అసలు పోవద్దని ఆయన చెప్పాడు. రాత్రి మానేసిన సంగతి హన్నా ఒప్పుకుంటే గాయత్రి మొహం మారింది.

"ఇంకెప్పుడూ అట్లా చెయ్యకు. చర్మం నాలుగు రోజులకి ఊడి కొత్తది వస్తుంది. సగం మందుతో వదిలేస్తే ఆ జ్వరం మళ్ళీ తిరగబెట్టవచ్చు. కిడ్నీల దాకా పోయిన వాళ్ళున్నారు."

ముఠా వాళ్ళకు తను వచ్చి చెప్తానంది గాయత్రి. వద్దు, నేనే చెప్పుకుంటానంది హన్నా. తన మీద పడ్డ మాటను తన నోటితోనే తుడిపేసుకోవాలని ఆమె పట్టుదల.

పొద్దు గూట్లో పడ్డాక పార్వతి ఇంటికి వెళ్ళింది. పార్వతి అరుగు మీద కూర్చుని ఆకురాయితో కొడవలి పళ్ళకు పదును పెడుతోంది. కోడలు వాణి లోపల పొయ్యి దగ్గరుంది. హన్నా మెట్టు దిగువనే నిలబడి, గాయత్రి చెప్పినదంతా తనకు అర్థమైనట్టు చెప్పింది. "అంటురోగం కాదక్కా. ఈ బిళ్లకి ఎండ పడదంట. అందుకని కాలింది."

పార్వతి ఆకురాయి ఆపకుండానే విన్నది. బిళ్లకి ఒళ్ళు కాలడం తానెన్నడూ వినలేదంది. సరే, తగ్గనీ చూద్దామంది. హన్నాని కూర్చోమనలేదు. వాణి గుమ్మంలోకొచ్చి జాలిగా చూసి, మళ్ళీ లోపలికి పోయింది.

ఆ మాట ముఠాలోకి వెళ్ళింది. వెళ్ళింది గానీ, హన్నా చెప్పినట్టు వెళ్ళలేదు. నూర్పిళ్ళ కళ్ళం దగ్గర గాలికి తాలు పోయి గింజ మిగులుతుంది. ఊళ్ళో మాటకి అది తిరగబడుతుంది. అంటురోగం కాదన్నది ఎక్కడో రాలిపోయింది. ఎండ అన్నది కూడా రాలిపోయింది. చివరికి మిగిలింది ఒకటే, ఆ జ్వరం బిళ్ల వేసుకుంటే ఒళ్ళు కాలిపోతుందట, కావాలంటే హన్నాని చూడండి.

హన్నా బిళ్లలు పూర్తి చేసింది. పగలంతా ఇంట్లోనే ఉండి, సందె వాలాక బయటికొచ్చేది. ముఖం మీద చర్మం పొరలు పొరలుగా లేస్తోంది. ముక్కు మీద గులాబీ రంగు, చెంపల మీద బొగ్గు రంగు, మధ్యలో పెచ్చులు. అద్దం తిప్పి గోడ వైపు పెట్టేసింది. రోజూ పొద్దున్నే ముఠా వాళ్ళు ఆమె ఇంటి ముందు నుంచే చేలోకి పోయేవాళ్ళు. కొడవళ్ళ చప్పుడు, టిన్ను మోతా వినపడగానే ఆమె చేతులు వాటంతటవే పని ఆపేసేవి. ఎవరూ పిలిచేవాళ్ళు కాదు. చప్పుడు బోదె మలుపు దాటాక మళ్ళీ చీపురో చేటో అందుకునేది.

అట్లాంటి ఒక పొద్దున పార్వతి గొంతు వినపడలేదు. ఆ తర్వాతి పొద్దునా వినపడలేదు. మేస్త్రికి జ్వరమట అని కృపావతి ఎవరి దగ్గరో విని వచ్చి చెప్పింది. హన్నా చేటలో బియ్యం చెరుగుతూ ఊఁ అంది.

కొన్నాళ్ళకు మధ్యాహ్నం వేళ వాణి వచ్చింది. చెప్పుల్లేకుండా వచ్చింది. వాకిట్లో నిలబడి, పిన్నీ అని పిలిచి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కాసేపు కొంగు నలిపింది. అత్తయ్యకీ అదే జ్వరమట. చంక కింద నల్లటి పెచ్చు ఉందట. గాయత్రమ్మ చూసి అవనిగడ్డ పంపితే పరీక్ష చేసి అవే బిళ్లలిచ్చారు. ఇంటికొచ్చి వేసుకుంటున్నాననే చెప్పింది. ఇవాళ పక్క దులుపుతుంటే దిండు గలీబులోంచి బిళ్లలన్నీ రాలాయి.

"అడిగితే, హన్నా లాగా కాలిపోమంటావా అంటోంది పిన్నీ. పొద్దుటినుంచి ఏదేదో మాట్లాడుతోంది. మా ఆయన చెప్పినా వినలేదు. గాయత్రమ్మ వచ్చి చెప్పినా వినలేదు. రాత్రికి కూడా వేసుకోకపోతే పొద్దున్నే అంబులెన్సు పిలుస్తానంది ఆవిడ. అప్పటిదాకా..." వాణి ఆగిపోయింది.

హన్నా ఏమీ అనకముందే కృపావతి అందుకుంది. ముసలామె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. కాలిన చేతులతో పోయి బతిమాలడానికి మనమే దొరికామా అంది. నీళ్ళు పైనుంచి పోసిన ఇంటికి ఏ మొహంతో పోతావంది. వాణి తల వంచుకుని నిలబడింది. అది ఆ పిల్ల చేసిన తప్పు కాదు, ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

హన్నా చేట కింద పెట్టింది. మనసులో వెళ్ళాలనీ లేదు, వెళ్ళకూడదనీ లేదు. ఒకటే తిరుగుతోంది. ఆ బిళ్లకి ఎండ పడదని ఆ అరుగు ముందు నిలబడి చెప్పింది తనే. నిజమే చెప్పింది. ఆ నిజం ఊరంతా తిరిగి తిరిగి ఇప్పుడు ఒక మనిషి గొంతుకు అడ్డం పడింది. తను చెప్పకపోయినా మొహం చూసి అనుకునేవాళ్ళేమో. అయినా చెప్పింది తను.

"ఎండ తగ్గలేదు," అంది కృపావతి, ఓడిపోయిన గొంతుతో.

హన్నా మొగుడి చొక్కా తొడుక్కుని గుండీలు మెడదాకా పెట్టింది. తువ్వాలు తల మీదుగా ముఖం చుట్టూ చుట్టుకుంది. వాణి వెనకాలే నీడలు వెతుక్కుంటూ నడిచింది.

పార్వతి వసారాలో నులక మంచం మీద పడుకుని ఉంది. ఆ గొంతూ ఆ ఒడ్డూ పొడవూ ఏమైపోయాయో, దుప్పటి కింద చిన్నపిల్లంత ఉంది. పెదవులు ఎండి తెల్లబారాయి. హన్నా తువ్వాలు విప్పి మంచం పట్టె మీద కూర్చుంది. పార్వతి కళ్ళు తెరిచి ఆమెను గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది. గుర్తుపట్టాక చూపు తిప్పుకోలేదు. ఆ రోజు చేలో చూడని మొహాన్ని ఇప్పుడు పెచ్చు పెచ్చునా చూసింది.

"చూడు ఎట్టా అయ్యావో," అంది.

"నేను ఎండలో కోతకొచ్చానక్కా. నువ్వు వసారాలో ఉన్నావు. నీకెందుకు కాలిద్ది?"

పార్వతి వినలేదు, లేదా విన్నా అది కాదు ఆమె బాధ. దుప్పటి కింద చేతులు కదిలాయి. "కాలితే?" అంది. "నాకు తెలుసు వాళ్ళేం చేస్తారో. నేనే గదా చేసింది."

పొయ్యి దగ్గర వాణి చేతిలో గిన్నె చప్పుడు ఆగిపోయింది.

అట్లా ఏం చెయ్యరులే అక్కా అనడం తేలిక. జబ్బు మనిషి దగ్గర అబద్ధం ఆడినా పాపం లేదంటారు. హన్నా నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఇన్నాళ్ళూ గోడ వైపు తిప్పిన అద్దంతో ఒక్కతే ఇంట్లో కూర్చున్న మనిషి ఆ మాట అనలేకపోయింది.

"చేస్తారు," అంది. "క్యారేజీలు జరుపుతారు. పనికి పిలవరు. అది బాగోదక్కా, చాలా బాగోదు. కానీ చర్మం ఊడిపోయిద్ది, కొత్తది వచ్చిద్ది. వచ్చాక మళ్ళీ ఏదో ఒకరోజు మాట్లాడతారు. ఈ జ్వరం అట్టా కాదు. దీనికి మళ్ళీ రోజు ఉండదు."

చొక్కా చెయ్యి గుండీ తీసి పైకి మడిచి, ముంజేతిని ఆమె ముందు పెట్టింది. నల్లటి పెచ్చుల మధ్య అక్కడక్కడా చర్మం పసిపిల్లల చర్మంలా లేతగా ఉంది. పార్వతి చాలాసేపు చూసి, దుప్పటిలోంచి చెయ్యి తీసి, ఆ లేత చోట ఒక వేలు పెట్టింది. వేలు కాలుతోంది. హన్నా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"నెప్పా?"

"ముట్టుకుంటే. ముట్టుకోకపోతే ఏం లేదు."

పార్వతి వేలు తీసేసింది. కాసేపటికి, "ఏదీ, ఇవ్వు," అంది.

వాణి అప్పటికే గంజన్నం కలిపి ఉంచింది. నాలుగు ముద్దలు తినిపించడమే గగనమైంది. గ్లాసు నిండా నీళ్ళతో బిళ్ల మింగించారు. మింగీ మింగగానే పార్వతి వెనక్కి వాలిపోబోయింది. హన్నా భుజం పట్టుకుని ఆపింది.

"ఇప్పుడే పడుకోకూడదక్కా. బిళ్ల గొంతులో ఆగిపోయి పుండు చేసిద్ది. కాసేపు కూర్చోవాలి."

"నడుం నిలవట్లేదే."

గోడ మంచానికి దూరంగా ఉంది. మంచం జరపాలంటే మనిషిని దించాలి. హన్నా ఇటు జరిగి ఆమె పక్కన ఆనుకుని కూర్చుంది. పార్వతి ఒకసారి సందేహించింది. తర్వాత ఒంట్లో శక్తి లేక, తల తీసుకెళ్ళి హన్నా భుజం మీద పెట్టేసింది. చొక్కా గుడ్డలోంచి కూడా నిప్పు సెగలా తగులుతోంది. బరువంతా ఆ చేతి మీదే పడి కొత్త చర్మం మంటపుట్టింది. హన్నా పళ్ళు బిగపట్టి, రెండో చెయ్యి తిప్పి ఆమె వీపుకి ఆసరా పెట్టింది.

జ్వరం దిగడానికి ఇంకా సమయం పట్టింది. దిగిందాకా హన్నా పూటపూటకీ వెళ్ళి, బిళ్ల లోపలికి పోయిందాకా కూర్చుని వచ్చింది. పార్వతి బతికి బట్టకట్టింది. కోతల ఆఖరి రోజుల్లో చేను పక్కన టార్పాలిన్ బరకం కట్టిన నీడలో పొడుగు చేతుల చొక్కాతో కూర్చుని, అందరి మీదా ఎప్పట్లాగే కేకలేసింది. ఆ వరసల్లో హన్నా కూడా ఉంది. అవన్నీ తర్వాతి సంగతులు. ఆ మధ్యాహ్నం మాత్రం, ఆ వసారాలో, ఏమవుతుందో ఎవరికీ తెలియదు.

"తూము దగ్గర మడి కోశారా?" అని అడిగింది పార్వతి, కళ్ళు మూసుకునే.

"నాకేం తెలుసక్కా. నేను పనికి రావట్లేదుగా."

హన్నా మెడ మీద పార్వతి ఊపిరి వేడిగా తగులుతోంది. వాణి వచ్చి ఇద్దరికీ కాస్త దూరంలో గుమ్మానికి ఆనుకుని కూర్చుంది.

వాకిట్లో అలికిడైంది. పని దిగి ఇళ్ళకు పోతున్న ముఠాలోని ఇద్దరు ఆడవాళ్ళు, మేస్త్రిని చూసిపోదామని వచ్చారు. కాళ్ళకి ఇంకా బురద ఆరలేదు. దడి దాటి రెండడుగులు లోపలికి వచ్చినవాళ్ళు మంచం వైపు చూసి అక్కడే ఆగిపోయారు. హన్నా వాళ్ళను చూసింది. లేవలేదు, లేవడానికి వీల్లేదు కూడా.

పార్వతికి కళ్ళు తెరవకుండానే వాళ్ళెవరో తెలిసింది.

"అక్కడే నిలబడ్డారేమే," అంది, పీలగా. "వచ్చి కూర్చోండి."

ఒకామె ఇంకా వెనకాడుతుంటే, రెండో ఆమె కొడవలి చూరులో దోపి, కాళ్ళు కడుక్కుని, మెట్టెక్కి వచ్చింది. కూర్చోవడానికి మంచం మీద హన్నాకి ఇవతల తప్ప చోటు లేదు. అక్కడే కూర్చుంది.

"ఇక పడుకోనా?" అంది పార్వతి.

"ఇంకాసేపక్కా," అంది హన్నా.